అమెరికా రాజకీయాలకు పాత పాట జోడించాలంటే చరణాల దాకా వినండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఊరి తెలుగు సంఘం వేడుకలో ఓ ముప్పావుగంట కార్యక్రమం మీకు అప్పగించారు. అమెరికా రాజకీయాల్లో జరిగే తంతులకు, పేరుపడ్డ నాయకులకు పాత అమెరికన్ పాటలు జోడించి జనాన్ని నవ్వించాలి. పిల్లలకు ఆ పాటలు తెలియవు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఇక్కడి రాజకీయం తెలియదు. ఏ పాట దేనికి నప్పుతుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి అని అడిగారు.

ఇక్కడి స్థానిక రేడియోలో పాత పాటల కార్యక్రమం చాలా ఏళ్లు నడిపినవాణ్ణి. ఎన్నికల ఏడాది వచ్చిందంటే శ్రోతలు నా చేత ఇదే పని చేయించేవారు. నేను చెప్పగలిగింది ముఖ్యంగా ఒక్కటే. పల్లవి విని పాట ఎంచుకోకండి, చరణాలు వినండి. కథ ఉండేది అక్కడే, నవ్వు పుట్టేదీ అక్కడే.

అమెరికా నాయకులే ఈ సంగతి పట్టించుకోరు. 1984 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ న్యూజెర్సీలోని హామంటన్‌లో మాట్లాడుతూ, ఆ రాష్ట్రం బిడ్డ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఎంతో ఆశ ఉందని మెచ్చుకున్నాడు. ఆ ఏడాది ఊరంతా మోగుతున్న స్ప్రింగ్‌స్టీన్ పాట ‘బార్న్ ఇన్ ద యూఎస్ఏ’. పల్లవి వింటే జెండా పట్టుకుని నిలబడాలనిపిస్తుంది. చరణాల్లో ఉన్నది మాత్రం వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి, పాత ఫ్యాక్టరీలో పని దొరక్క, ఎక్కడికీ పోలేక మిగిలిపోయిన మనిషి. కొద్దిరోజులకే పిట్స్‌బర్గ్ కచేరీలో స్ప్రింగ్‌స్టీన్ అధ్యక్షుడి మెప్పును ప్రస్తావించి, ఉద్యోగం ఊడి జైలుపాలైన కార్మికుడి పాట ఎత్తుకున్నాడు. మీ కార్యక్రమం ఈ కథతో మొదలుపెడితే, పల్లవికి చరణానికి ఉన్న దూరం జనానికి వెంటనే తెలిసిపోతుంది.

చరణం దాకా అనుకోకుండా నప్పిన పాట కూడా ఒకటుంది. 1992లో బిల్ క్లింటన్ తన ఎన్నికల ప్రచారానికి ఎంచుకున్న ‘డోంట్ స్టాప్’. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం 1977లో విడుదల చేసిన పాట. రాసింది క్రిస్టీన్ మెక్‌వీ. అదే బృందంలో బేస్ గిటార్ వాయించే భర్త జాన్‌తో సంసారం ముగిసిపోతున్న రోజుల్లో, అయిందేదో అయింది, రేపటి సంగతి చూసుకుందాం అని రాసింది. అంటే విడాకుల పాట! పన్నెండేళ్లుగా రిపబ్లికన్ల పాలనలో ఉన్న దేశాన్ని ఆ కాపురం చాలించి రమ్మని పిలవడానికి ఇంతకన్నా నప్పే పాట దొరకదు. విడిపోయిన ఆ బృందం సభ్యులు 1993 జనవరిలో క్లింటన్ ప్రమాణస్వీకార వేడుక కోసం మళ్లీ ఒకచోట చేరి ఇదే పాట పాడారు.

ఇక 1932. ఆ ఒక్క ఏడాదికి పావుగంట ఇచ్చినా తక్కువే. 1929 అక్టోబర్‌లో షేర్ మార్కెట్ కూలింది. మూడేళ్లు తిరిగేసరికి నలుగురు పనివాళ్లలో ఒకరికి పని లేదు. అలాంటి రోజుల్లో షికాగోలో డెమోక్రాట్ల మహాసభ జరిగింది. అధ్యక్ష పదవికి అక్కడ ఎంపికైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అంతకుముందు నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శిగా చేశాడు కాబట్టి నౌకాదళం పాట ‘యాంకర్స్ అవే’ వాయించాలనుకున్నారు. అది హాల్లో ఎక్కలేదు. దాని బదులు ‘హ్యాపీ డేస్ ఆర్ హియర్ అగైన్’ అందుకున్నారు. మిల్టన్ ఏగర్ వరస, జాక్ యెల్లెన్ మాటలు. మంచిరోజులు మళ్లీ వచ్చేశాయి అని పాట. రొట్టె కోసం వీధుల్లో బారులు తీరిన జనానికి వినిపించిన పాట అది! ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు డెమోక్రాట్ల సభ అంటే ఆ పాటే.

అదే ఏడాది అక్టోబర్‌లో న్యూయార్క్ రంగస్థలం మీద ఇంకో పాట వచ్చింది. ‘బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్’. మాటలు రాసిన యిప్ హార్బర్గ్ సొంత వ్యాపారం మార్కెట్ పతనంలో పోగొట్టుకుని పాటల్లోకి వచ్చినవాడు. వరస కట్టిన జే గోర్నీ చిన్నప్పుడు రష్యాలో విన్న జోలపాటను దీనికి వాడుకున్నాడు. పాటలో మనిషి రైలు మార్గాలు వేశాడు, ఆకాశానికి తగిలే భవనాలు కట్టాడు, యుద్ధంలో దేశం కోసం నడిచాడు. ఇప్పుడు పది సెంట్లు ఉంటే ఇవ్వమని అడుగుతున్నాడు. బింగ్ క్రాస్‌బీ, రూడీ వాలీ ఇద్దరూ వెంటనే రికార్డు చేశారు. ఈ రెండు పాటలనూ ఇద్దరు గాయకులకు ఇచ్చి ఎదురెదురుగా నిలబెట్టండి. ఒకరు మంచిరోజులొచ్చాయని పాడుతుంటే రెండోవారు చెయ్యి చాచాలి. నవ్వుతో మొదలైన హాలు గంభీరమైపోతుంది. పోనివ్వండి. వెంటనే దాన్ని జోకుతో చెడగొట్టకండి.

నవ్వుకు లోటు లేని జత కావాలంటే లూసియానా గవర్నర్ జిమ్మీ డేవిస్ ఉన్నాడు. ‘యు ఆర్ మై సన్‌షైన్’ పాటను ఈ దేశంలో ప్రతి బళ్లోనూ పిల్లలకు నేర్పుతారు. 1940లో డేవిస్ దాన్ని రికార్డు చేశాడు. ఎన్నికల సభల్లో ఉపన్యాసం తగ్గించి, బ్యాండుతో ఈ పాట పాడి 1944లో గవర్నరయ్యాడు. పల్లవి తల్లి బిడ్డకు పాడినట్టు ఉంటుంది. చరణాల్లోకి వెళ్లండి: కలలో నిన్ను పొదివి పట్టుకున్నాను, మెలకువ వచ్చి చూస్తే నువ్వు లేవు, తలవంచుకుని ఏడ్చాను అంటాడు. తర్వాత చరణంలో, నన్ను వదిలి ఇంకొకరి దగ్గరికి వెళ్తే ఏదో ఒకరోజు పశ్చాత్తాపపడతావు అని బెదిరింపు! ఓటరుకు, నాయకుడికి మధ్య ఉన్న బంధమంతా అందులో ఉంది. పైగా అప్పటి లూసియానా రాజ్యాంగం ప్రకారం గవర్నర్ వరసగా రెండోసారి పోటీ చేయకూడదు. 1948లో డేవిస్ దిగిపోవాల్సి వచ్చింది, 1960లో మళ్లీ వచ్చాడు. నా వెలుగును నా దగ్గర్నుంచి తీసుకుపోవద్దు అన్న మాట ఆ పదవికి అతికినట్టు సరిపోతుంది. ఈ పాట 1977లో లూసియానా అధికారిక గీతాల్లో చేరింది. ఒక్క సంగతి దాచకండి: రెండో విడతలో డేవిస్ న్యూ ఆర్లిన్స్ బళ్లలో నల్లజాతి పిల్లలను చేర్చుకోవడాన్ని గట్టిగా అడ్డుకున్నాడు. పాట తియ్యగా ఉందని మనిషిని కూడా అలాగే చూపించడం న్యాయం కాదు.

మీరు చేయబోయే పనిని ఇక్కడివాళ్లు పద్ధతిగా చేస్తూ వస్తున్న చోటు వాషింగ్టన్‌లోని గ్రిడైరన్ క్లబ్. 1885లో పెట్టిన పాత్రికేయుల సంఘం. ఏటా విందులో పాత పాటల వరసలకు కొత్త మాటలు కట్టి, ఎదురుగా కూర్చున్న అధ్యక్షుడి మీదే పాడతారు. ఎన్నికలప్పుడు మైకు కట్టిన జీపుల మీద సినిమా వరసల్లో పార్టీ పాటలు వింటూ పెరిగినవాళ్లం, జరుక్ శాస్త్రి పేరడీలు చదువుకున్నవాళ్లం, మనకు ఇది కొత్త విద్య కాదు. గ్రిడైరన్ విందులో 1982 మార్చిలో జరిగిన సంగతి మాత్రం ప్రతి పేరడీ రచయితా తెలుసుకోవాలి.

అప్పటికి అధ్యక్షుడి భార్య నాన్సీ రీగన్ మీద పత్రికలు మండిపడుతున్నాయి. ఖరీదైన డిజైనర్లు ఇచ్చిన బట్టలు కడుతుందని, వైట్‌హౌస్‌కు రెండు లక్షల డాలర్లకు పైగా విలువైన పింగాణీ కంచాలు తెప్పించిందని. డబ్బు ఇచ్చింది ఒక ప్రైవేటు ఫౌండేషనే. అయినా పిల్లల బడి భోజనం ఖర్చు తగ్గించాలని ప్రభుత్వం చూస్తున్న రోజులవి, జనం ఊరుకోలేదు. విందులో పాత్రికేయులు ‘సెకండ్ హ్యాండ్ రోజ్’ వరసలో ఆమె బట్టల మీద పాట కట్టి పాడారు. 1921లో ఫానీ బ్రైస్ పాడిన పాట అది. పాత సామాన్ల కొట్టువాడి కూతురు, తన ఒంటిమీదున్నదంతా ఎవరో వాడి వదిలేసిందేనని గోడు వెళ్లబోసుకుంటుంది.

పాట నడుస్తుండగా నాన్సీ కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లింది. కోపం వచ్చి వెళ్లిపోయిందనుకున్నారు. కాసేపటికి వేదిక మీద వేలాడుతున్న బట్టల వరస పక్కకు జరిపి, ఎర్ర, పసుపు పువ్వుల పాత స్కర్టును సేఫ్టీ పిన్నులతో బిగించుకుని, కాళ్లకు పసుపు రబ్బరు బూట్లు, మెడలో ఈకల పట్టీతో ఆమే బయటికొచ్చింది. అదే వరసలో తన మీద తానే పాడుకుంది. చివర్లో వైట్‌హౌస్ కంచంలా రంగు వేసిన పళ్లెం నేలకేసి కొట్టింది. హాలంతా లేచి నిలబడింది, మళ్లీ పాడమంది, మళ్లీ పాడింది. ఆ రాత్రి తర్వాత వాషింగ్టన్ పాత్రికేయులు ఆమెను చూసే తీరు మెత్తబడిందని చాలామంది రాశారు.

చూశారా, పాత్రికేయులు ఎంచుకున్నప్పుడు ఆ పాట దెప్పిపొడుపు. తన మీద తాను పాడుకున్నప్పుడు అదే పాట ఆమెను అందరికీ దగ్గర చేసింది. రాస్ పెరో చేసిందీ అదే. 1992లో టెక్సస్ కోటీశ్వరుడు పెరో ఏ పార్టీ లేకుండా అధ్యక్ష పదవికి నిలబడ్డాడు, జూలైలో తప్పుకున్నాడు, అక్టోబర్‌లో మళ్లీ బరిలోకి దిగాడు. పిచ్చివాడన్నారు. అయితే నా పాట ఇదేనని ‘క్రేజీ’ని ఎత్తుకున్నాడు. విల్లీ నెల్సన్ రాస్తే 1961లో ప్యాట్సీ క్లైన్ పాడిన పాట. నువ్వు నాతో ఉంటావని నమ్మిన నేనే పిచ్చిదాన్ని అని దాని సారం. సుమారు 19 శాతం ఓట్లు వచ్చాయి, అధ్యక్షుణ్ణి చివరికి తేల్చే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. ఓడిన రాత్రి డాలస్‌లో ఆ పాటకే కుటుంబంతో డాన్స్ చేశాడు. పేరడీకి మనుషులను వెతికేటప్పుడు ముందు ఇలాంటివాళ్లను చూడండి. వాళ్ల పాట వాళ్లే ఇచ్చి పోయారు.

ఇప్పుడు వ్యక్తులను వదిలి తంతులకు వద్దాం. మీ కార్యక్రమంలో సగం ఇవే ఉంటే మంచిది, ఏ పార్టీ వాళ్లూ మొహం మాడ్చుకోరు.

నియోజకవర్గాల హద్దులు తమకు కావలసినట్టు వంకర్లు తిప్పి గీసుకోవడం ఇక్కడ 1812 నుంచి పేరుపడ్డ విద్య. మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ కాలంలో గీసిన ఒక నియోజకవర్గం బల్లిని పోలిన సాలమాండర్ అనే జంతువులా ఉందని పత్రికలు బొమ్మ వేశాయి. దీనికి కోల్ పోర్టర్ ‘డోంట్ ఫెన్స్ మీ ఇన్’ తప్ప ఇంకోటి పెట్టకండి. 1944లో బింగ్ క్రాస్‌బీ, ఆండ్రూస్ సిస్టర్స్ పాడాక ఇంటింటా మోగింది. కంచెలు నా వల్ల కాదు, విశాలమైన నేల మీద తిరగనివ్వండి అని కౌబాయ్ అడుగుతాడు. వెనకాల తెర మీద నిజమైన నియోజకవర్గం మ్యాపు వేసి, ముందు గాయకుడు తన ఇల్లు ఏ గీతకు ఏ పక్కన ఉందో వెతుక్కుంటూ పాడాలి. పెద్దవాళ్లకు వివరణ కూడా అక్కర్లేదు.

సెనేట్‌లో బిల్లును ఆపడానికి గంటల తరబడి మాట్లాడుతూ నిలబడటానికి ‘ఐ కుడ్ హావ్ డాన్స్‌డ్ ఆల్ నైట్’. 1956లో బ్రాడ్‌వేకు వచ్చిన ‘మై ఫెయిర్ లేడీ’ పాట. పడుకోమని పనివాళ్లు బతిమాలుతుంటే కథానాయిక తెల్లవార్లూ ఆడగలనంటుంది. ఆ పనివాళ్ల గొంతులు మిగతా సెనేటర్లకు ఇవ్వండి. ఇక్కడ మాత్రం సెనేటర్ కోరీ బుకర్‌ను పెట్టుకోండి. 2025 వసంతంలో 25 గంటలకు పైగా నిలబడి మాట్లాడాడు. ఏ బిల్లునూ ఆపడానికి కాదు, నిరసనగా. అంతకుముందు రికార్డు 1957లో స్ట్రామ్ థర్మండ్‌ది, 24 గంటల 18 నిమిషాలు. అది పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడానికి చేసింది, దాన్ని డాన్స్ పాటగా మార్చే మనసు నాకు రాదు.

పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో ఒక్కొక్కరే తప్పుకుంటుంటే కెన్నీ రోజర్స్ 1978 పాట ‘ద గాంబ్లర్’ ఉండనే ఉంది. రాసింది డాన్ ష్లిట్జ్. ఎప్పుడు ముక్కలు పట్టుకోవాలో, ఎప్పుడు పడేయాలో, ఎప్పుడు లేచి నడవాలో తెలియాలి అని రైల్లో ముసలి జూదగాడు చెప్పే పాఠం. పేకాట తెలిసిన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా!

బడ్జెట్ కుదరక ప్రభుత్వం మూతపడినప్పుడు జీతం లేకుండా పనికొచ్చే విమానాశ్రయ సిబ్బందికి ‘సిక్స్‌టీన్ టన్స్’. మెర్ల్ ట్రావిస్ రాసి 1946లో రికార్డు చేశాడు, 1955లో టెన్నెసీ ఎర్నీ ఫోర్డ్ పాడాక దేశమంతా పాడుకుంది. పదహారు టన్నుల బొగ్గు ఎత్తినా దక్కేది ఇంకో రోజు వయసు, ఇంకాస్త అప్పు. 2018 డిసెంబర్‌లో మొదలైన మూత 35 రోజులు నడిచింది. జీతం రాకపోయినా ఇంటి అద్దె కట్టక తప్పని వాళ్లకు ఆ పాటలో ఒక్క మాట కూడా అతిశయోక్తి కాదు. మీ ప్రేక్షకుల్లో ప్రభుత్వోద్యోగులు ఉండే ఉంటారు, వాళ్లలో ఒకరి చేత పాడించగలిగితే ఇంకా మంచిది.

మాటలు మార్చేటప్పుడు ఎంత తక్కువ మారిస్తే అంత నవ్వు వస్తుంది. 1964లో అట్లాంటిక్ సిటీలో డెమోక్రాట్ల మహాసభలో కారల్ చానింగ్, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కోసం ‘హలో, డాలీ’ని ‘హలో, లిండన్’ అని పాడింది. రెండక్షరాల పేరు తీసి రెండక్షరాల పేరు పెట్టారు, వరస ఎక్కడా నలగలేదు. 1960లో ‘హై హోప్స్’ను కెన్నెడీకి మార్చింది అసలు రచయిత సామీ కానే, పాడింది అసలు గాయకుడు ఫ్రాంక్ సినాట్రానే. కెన్నెడీ పేరును అక్షరం అక్షరంగా పలికిస్తూ వరసలో కూర్చోబెట్టాడు. రబ్బరు చెట్టును కదిలించిన చీమ కథ అది, చిన్నవయసులో పెద్ద పదవికి నిలబడ్డవాడికి బాగా కుదిరింది. మీరు తెలుగు మాటలు పెట్టినా ఇదే నియమం. తాళం పడేచోట మూలంలో దీర్ఘం ఉంటే మీ మాటలోనూ దీర్ఘం ఉండాలి, ప్రాస పడేచోటే పడాలి. పల్లవిని ఇంగ్లీషులో ఉంచి చరణాలు తెలుగులో రాస్తే పిల్లలూ పెద్దలూ ఇద్దరూ అందుకుంటారు.

హాల్లో ఎవరున్నారో ఆలోచించకుండా పాట వేయకండి. 1970లో అదే గ్రిడైరన్ విందులో నిక్సన్, ఆయన ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ చెరో పియానో ముందు కూర్చున్నారు. ఒక్కో పాత అధ్యక్షుడికి ఇష్టమైన పాట నిక్సన్ ఎత్తుకోవడం, ప్రతిసారీ ఆగ్న్యూ, అంతర్యుద్ధంలో దక్షిణాదివాళ్లు పాడుకున్న ‘డిక్సీ’తో దాన్ని తొక్కేయడం. దక్షిణాది శ్వేతజాతి ఓట్ల కోసం తమ పార్టీ వేస్తున్న ఎత్తుల మీద జోకు. హాలు పగలబడి నవ్వింది. దాదాపు అంతా తెల్లవాళ్లే ఉన్న ఆ హాల్లో కూర్చున్న కొద్దిమంది నల్లజాతి అతిథుల్లో ఒకరు రోజర్ విల్కిన్స్, జాన్సన్ హయాంలో న్యాయశాఖలో పనిచేసినవాడు. ఆ నవ్వు తనకెలా వినిపించిందో వాషింగ్టన్ పోస్టులో రాశాడు. ఆ వ్యాసం చదివాక ఆ జోకు చెప్పుకుని నవ్వడం నా వల్ల కాలేదు.

అదే ‘డిక్సీ’ని లింకన్ అడిగి వాయించుకున్న సందర్భమూ ఉంది. 1865 ఏప్రిల్ 10న, దక్షిణాది సేనాని లీ లొంగిపోయిన మర్నాడు, వైట్‌హౌస్ ముందు చేరిన జనంతో, ఆ వరస నాకెప్పుడూ ఇష్టం, ఇప్పుడు న్యాయంగా మనం గెలుచుకున్నాం అన్నాడు. ఆ కథ మాటల్లో చెప్పండి, పాట మాత్రం పాడించకండి. పౌరహక్కుల ఉద్యమ గీతం ‘వి షల్ ఓవర్‌కమ్’ను పేరడీ చేయొద్దు. కారణం చెప్పనక్కర్లేదనుకుంటాను.

హక్కుల సంగతి కాస్త. 1994లో సుప్రీంకోర్టు, రాయ్ ఆర్బిసన్ పాట మీద కట్టిన ర్యాప్ పేరడీ కేసులో, డబ్బు కోసం చేసినంత మాత్రాన పేరడీ హక్కుల ఉల్లంఘన అయిపోదని తేల్చింది. అయితే ఆ పాటనే ఆటపట్టించడానికి ఉన్న రక్షణ, దాని వరస వాడుకుని ఇంకొకరిని వెక్కిరించడానికి అంతగా లేదు. మీ హాలుకు పాటల హక్కుదారుల తరఫున అనుమతులిచ్చే ఆస్కాప్, బీఎంఐ సంస్థల లైసెన్సు ఉందేమో మేనేజరును ముందే అడగండి. వీడియో యూట్యూబులో పెట్టాలనుకుంటే కరోకే ట్రాకులు వాడొద్దు, కీబోర్డు, తబలాతో మీవాళ్లే వాయించండి. ‘సెకండ్ హ్యాండ్ రోజ్’ అంత పాతవాటికి వరస మీద హక్కులు ఇప్పుడు ఎవరికీ లేవు కాబట్టి నిశ్చింతగా వాడుకోవచ్చు.

వరస క్రమం నన్నడిగితే: రీగన్, స్ప్రింగ్‌స్టీన్ కథతో మొదలు, తర్వాత కంచెల పాట, జూదగాడు, మధ్యలో 1932 జంట. దాని తర్వాత రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా వాయిద్యం ఒక్కటే. అక్కణ్ణించి డేవిస్, పెరో, చివర నాన్సీ రీగన్. ప్రతి పాటకు ముందు ఎవరు, ఎప్పుడు, ఏం జరిగింది అన్నది రెండే వాక్యాల్లో తెలుగులో చెప్పించండి. ‘సన్‌షైన్’ పల్లవి పెద్ద అక్షరాలతో తెలుగు లిపిలో అచ్చువేసి కుర్చీల మీద ఉంచండి, అమ్మమ్మలు తాతయ్యలు కూడా గొంతు కలుపుతారు. చరణాల తెలుగు మాటలు రాసుకున్నాక ఇక్కడ పెట్టండి, తాళానికి సరిపోయాయో లేదో నేను చూసిపెడతాను.